మా అక్క చెవిలో పువ్వు

ఫిబ్రవరి 12

ఇవాళ కూడా ఒకటి వచ్చింది. "మీ దరఖాస్తుకు ధన్యవాదాలు. దురదృష్టవశాత్తు..." ఆ తర్వాత చదవను. ఆ మాట కనపడగానే లేచి టీ పెట్టుకుంటాను. ఈ మధ్య టీ మరీ ఎక్కువైంది.

కొత్తవాళ్లకే ఈ ఉద్యోగం అంటారు. కింద చిన్న అక్షరాల్లో మూడేళ్ల అనుభవం కావాలంటారు. పెళ్లికూతురికి ముందే ఇద్దరు పిల్లలుండాలన్నట్టుంది వ్యవహారం.

ఉన్ని మిల్లు మూతపడ్డాక సర్కారువాళ్లు ఏదో ఒక కోర్సు చేయమన్నారు. పూలగుత్తులు కట్టడం, ముసలివాళ్లను చూసుకోవడం, సైబర్ సెక్యూరిటీ. పూలంటే నాకు తుమ్ములు. ముసలివాళ్లంటే, అద్దంలో రోజూ చూస్తున్నదే. అందుకని మూడోది. పాఠం చెప్పే కుర్రాడు మొదటి రోజే అన్నాడు: "పెనెట్రేషన్ టెస్టర్ అంటే జీతమున్న దొంగ. ఇంటాయనే పిలిచి, మా ఇంటికి కన్నం వేసి చూపించండి, గోడ ఎక్కడ మెత్తగా ఉందో చెప్పండి, అంటాడు." యాభై రెండేళ్లుగా నోటితో నేను చేస్తున్నది ఇదేగదా, జీతం లేకుండా, అనుకున్నాను.

ప్రపంచపటం అడుగున, జూన్ జూలైల్లో చలికాలం వచ్చే మా ఊరు ఇన్వర్‌కార్గిల్‌లో ఈ ఉద్యోగాలు లేవు. ఉన్నవి డనీడిన్‌లో. అక్కడివాళ్లకు సర్టిఫికెట్లు కావాలి. నా దగ్గరున్నది పదో తరగతి, మిల్లులో టెలిఫోన్ బల్ల దగ్గర చేసిన పని, నోరు.

ఫిబ్రవరి 20

సాధన కోసం పెట్టిన ఉత్తుత్తి కంప్యూటరొకటి ఇంటర్నెట్‌లో ఉంది. పగలగొట్టమని పెట్టిందే. వారంగా దాని చుట్టూ తిరిగి ఇవాళ లోపలికి దూరాను. లేచి గంతులేశాను. పిల్లి భయపడి ఫ్రిజ్ మీదికెక్కింది.

ఎవరికైనా చెప్పాలనిపించింది. ముందైతే మా అక్క గ్లెనిస్‌కి ఫోన్ చేసేదాన్ని.

ముందు అంటే మిల్లు మూతకి ముందు. బావ ముర్రే అక్కడ షిఫ్టు మేనేజరు. మూస్తారన్న సంగతి ఆయనకు క్రిస్మస్ నాటికే తెలుసు. అక్కకీ తెలుసు. నా ఎదురుగా కూర్చుని పావ్లోవా కేకు తిన్నారు ఇద్దరూ. పాత వంటగది పడగొట్టించి కొత్తది కట్టిస్తున్నానే అంటే, మా అక్క, "మంచి రంగు వేయించుకో" అంది. పసుపు బాగుంటుందని కూడా అంది.

ఆ వంటగది సగంలో ఆగింది. నేనూ అక్కడే ఆగాను. తర్వాత వాళ్లు గోర్ అనే చిన్న ఊరికి మారారు. అక్క అక్కడ మందుల షాపులో పనిచేస్తోందట. చేసుకోనీ.

మార్చి 7

ఇది మాత్రం వివరంగా రాసుకోవాలి, చచ్చేదాకా నవ్వుకోవడానికి.

డనీడిన్‌లో ఈ రంగం వాళ్లంతా నెలకోసారి కలుస్తారు. ఉద్యోగం కావాలంటే అక్కడికెళ్లి నలుగురితో మాట్లాడమన్నాడు పాఠాల కుర్రాడు. నాతో ఎవరు మాట్లాడతారు? అందరూ గడ్డాలు, నల్ల టీషర్టులు. అందుకని గంట ముందే వెళ్లాను. మెడలో తాడుకి మిల్లు నాటి గుర్తింపు కార్డు, తిరగేసి. చేతిలో ఖాళీ అట్టపెట్టె. పక్కన ఒక పళ్లెం నిండా చీజ్ రోల్స్, ఇంట్లో కాల్చి వెన్న రాసి తెచ్చినవి. తలుపు దగ్గర నిలబడ్డాను.

"ఫోన్లు ఇందులో వేయండి బాబూ. ఇవాళ మాట్లాడే విషయం రహస్యం. తాళం తీసి వేయండి, మోగితే నేను ఆపాలిగా. రోల్ తీసుకోండి, వేడిగా ఉన్నాయి."

వేశారు! దేశంలోని బ్యాంకులకు కాపలా కాసే మహానుభావులంతా వరసలో నిలబడి, తాళాలు తీసిన ఫోన్లు నా పెట్టెలో వేసి, రోల్ తీసుకుని, థాంక్స్ చెప్పి లోపలికెళ్లారు. ఒకడు రెండు రోల్స్ తీసుకున్నాడు. పెట్టె నిండాక వేదిక ఎక్కి బల్ల మీద పెట్టి అన్నాను: "నా పేరు రేవిన్. ఉద్యోగం వెతుక్కుంటున్నాను. ఎవరి ఫోన్ వాళ్లు తీసుకోండి."

అందరి చేతులూ ఖాళీ జేబుల మీదికి పోయాయి. తర్వాత వెనకాల ఒక్కతి పగలబడి నవ్వింది. అనహేరా. ముప్పై అయిదుంటాయేమో, చుబుకం మీద పచ్చబొట్టు, సొంత కంపెనీలో భాగస్వామి. నా దగ్గరికొచ్చింది.

"ఆంటీ, మీరు ఎక్కడ నేర్చుకున్నారు ఇది?"

"ఎక్కడా నేర్చుకోలేదు తల్లీ. మా ఇంట్లో దీనికి తన్నులు పడేవి."

"మా దగ్గర మూడు నెలలు చేసి చూడండి. తన్నులుండవు."

ఏప్రిల్ 15

మూడు నెలలు పరీక్ష, ఆ తర్వాత ఉంచాలో పంపాలో చూస్తారు. ఇంట్లోంచే పని, పదిహేను రోజులకోసారి డనీడిన్. కంప్యూటర్ భాగం కుర్రాళ్లు చూస్తారు. ఫోన్లు నావి. ఒక కంపెనీ తన గుట్టు తనే పరీక్షించుకోవడానికి మాకు రాతపూర్వకంగా అనుమతిస్తుంది. నేను ఆ కంపెనీ మనుషులకు ఫోన్ చేసి, ఎవరో ఒకరిలా మాట్లాడి, చెప్పకూడనిది చెప్పిస్తాను. ప్రతి మాటా రికార్డవుతుంది.

అనహేరా ఒక్కటే నియమం పెట్టింది. "ఎత్తినవాళ్లు మీకు తెలిసినవాళ్లైతే వెంటనే పెట్టేసి నాకు చెప్పండి ఆంటీ. బంధువులు, స్నేహితులు వద్దు. ఆ ఫలితం చెల్లదు."

నాకు తెలిసినవాళ్లెవరున్నారు, పిల్లి తప్ప.

డనీడిన్ దారి గోర్ మీదుగానే. ఊరు దాటేదాకా రేడియో గట్టిగా పెడతాను.

మే 21

ఇవాళ అనహేరా సూటిగా చెప్పింది. పైన ఇద్దరు భాగస్వాములకు నేను నచ్చలేదు. "సర్టిఫికెట్ లేని మనిషిని ఖాతాదార్ల ముందు ఎలా నిలబెడతాం అంటున్నారు. వచ్చే పని రైతుల సహకార సంఘం, గోర్‌లో. దాంట్లో ఒక్క గట్టి ఫలితం తెండి. మిగతా పోట్లాట నేను పోట్లాడతాను."

"తేకపోతే?"

"ఆంటీ, నాకు అబద్ధం చెప్పడం రాదు."

"ఈ ఉద్యోగంలో అది పెద్ద లోపం తల్లీ," అన్నాను. నవ్వింది. నేనూ నవ్వాను. కారులో కూర్చున్నాక నవ్వలేదు.

జూన్ 10

సంఘంవాళ్లు గట్టిపిండాలు. ఎరువుల విభాగంలో ఒకాయన, "నీ గొంతు నాకు నచ్చలేదు" అని పెట్టేశాడు. విత్తనాల అమ్మాయి నన్నే ప్రశ్నలడిగింది. గోదాము ముసలాయన ఓపిగ్గా అంతా విని, "నాకు కంప్యూటరే లేదమ్మా" అన్నాడు.

రేపే ఆఖరు రోజు.

జూన్ 11

కొత్త గొంతు తయారుచేసుకున్నాను. ఐర్లండ్ యాస, పేరు ట్రిష్, కంప్యూటర్ సహాయ విభాగం, క్రైస్ట్‌చర్చ్. జాబితాలో మిగిలింది ఒక్క నంబరే, పేరు లేదు, 'ముందు గది' అని ఉంది.

"రైతు సహకార సంఘం, గుడ్ మార్నింగ్, గ్లెనిస్‌ని."

మందుల షాపులో ఉండాల్సిన మనిషి.

పెట్టేయాలి. పెట్టేయలేదు. ఎందుకు పెట్టేయలేదో రేపు రాస్తాను.

"నమస్తే మేడమ్, ట్రిష్‌ని, క్రైస్ట్‌చర్చ్ నుంచి. ఈ వారం మెయిల్ మారుస్తున్నాం, మీది ఒక్కటే మొరాయిస్తోంది." గొంతు చక్కగా పలికింది.

అవతల ఏమీ లేదు. లైను పోయిందనుకున్నాను. ఆ తర్వాత, నెమ్మదిగా: "అలాగా అమ్మా. నన్నేం చేయమంటావు?"

"మీ సెల్‌కి ఒక నంబరు వస్తుంది. అది చదివితే చాలు."

"చదువుతాను. ముందు చెప్పు, అక్కడ చలిగా ఉందా?"

"మామూలే మేడమ్."

"దగ్గుతున్నావు. వేడినీళ్లలో నిమ్మకాయ పిండుకో. ఫోన్ల పని చేసేవాళ్లు మధ్యాహ్నం తిండి మర్చిపోతారు. తింటున్నావా?"

"తింటున్నాను మేడమ్. నంబరు వచ్చిందా?"

"వచ్చింది. ఈ ఉద్యోగం కొత్తా నీకు?"

"కొత్తే."

"నీతో బాగుంటారా అక్కడ?"

"బాగానే ఉంటారు."

"ఇది చదివితే నీకు మంచిదేనా?"

"పని పూర్తవుతుంది మేడమ్."

"అయితే రాసుకో." చదివింది. ఒక్కొక్క అంకె, మధ్యలో ఆగుతూ. లైనుకి ఇటు మా కుర్రాడు ఆ నంబరుతో లోపలికి దూరిపోయాడు. నాకు బొటనవేలు ఎత్తి చూపించాడు తెర మీద.

"మళ్ళీ చేస్తావా అమ్మా?" అంది అక్క.

"అవసరాన్ని బట్టి మేడమ్," అన్నాను. పెట్టేశాను.

జూన్ 12

గుర్తుపట్టలేదు.

జూన్ 13

అంటే గొంతు బాగా కుదిరిందన్నమాట. సొంత అక్కే పోల్చుకోలేదంటే ఇక నా ముందు ఎవరు నిలుస్తారు? దీనికి సర్టిఫికెట్ ఇవ్వాలి అసలు.

రెండేళ్లకే మర్చిపోయింది నా గొంతు. సరే.

జూన్ 14

అనహేరా ఫోన్ చేసి అరిచింది, సంతోషంతో. ఆ ఒక్క నంబరుతో సంఘం లెక్కలన్నీ, రైతుల ఖాతాలన్నీ చేతికొచ్చేశాయట. "గట్టి ఫలితం కాదు ఆంటీ, ఇది బండరాయి!"

"ఎత్తినావిడ తెలుసా మీకు?" అని అడగలేదు. నేను చెప్పలేదు. అడిగితే చెప్పేదాన్ని.

జూన్ 19

నివేదిక కోసం డనీడిన్‌లో రికార్డింగు కలిసి విన్నాం. కుర్రాళ్లు బల్ల మీద కొట్టి నవ్వారు. "తింటున్నావా అంట!" అనహేరా నవ్వలేదు. "ఎవరో గానీ ఈవిడ, పరాయి మనిషితో కూడా తల్లిలా మాట్లాడుతోంది," అంది.

అక్క అందరితోనూ అలాగే మాట్లాడుతుంది. చిన్నప్పుడు పాలవాడితోనూ అలాగే. అందులో ఏమీ లేదు.

జూన్ 20

అందులో ఏమీ లేదు.

జూన్ 27

మా నివేదికల్లో మనుషుల పేర్లు రాయం. 'ఒక ఉద్యోగి' అంటాం. తప్పు మనిషిది కాదు, పద్ధతిది అని చెప్పడం ఈ వృత్తి మర్యాద. కానీ రికార్డింగులు డబ్బిచ్చినవాళ్ల సొత్తు. సంఘం మేనేజరు క్రేగ్‌కి అది తెగ నచ్చింది. వచ్చే శుక్రవారం సిబ్బంది అందరినీ కూర్చోబెట్టి వినిపిస్తాడట. పాఠం నేనే చెప్పాలట.

"కనీసం గొంతైనా మార్చి వినిపించండి," అంది అనహేరా.

"అయ్యో, మాదంతా ఒక కుటుంబం లెండి. మాలో మాకు సిగ్గేంటి? ఆవిడే నవ్వేస్తుంది," అన్నాడు క్రేగ్.

ఫోన్ పెట్టాక అనహేరా నా వైపు తిరిగింది. "భాగస్వాములు ఒప్పుకున్నారు ఆంటీ. శుక్రవారం పాఠం బాగా చెబితే, సోమవారం మీ చేతికి పర్మనెంటు ఉత్తరం."

రెండేళ్లుగా ఈ మాట కోసమే. థాంక్స్ చెప్పానో లేదో గుర్తులేదు.

జూన్ 30, ఆదివారం

గోర్‌లో ఆగాను. రేడియో ఆపేసి.

అక్క గరాజ్‌లో ఉంది, కట్టెలు పేరుస్తూ. లావైంది. నన్ను చూసి కట్టె పట్టుకునే ఉండిపోయింది. లోపల్నుంచి బావ గొంతు, "ఎవరే?" "ఎవరూ లేరు, గాలికి తలుపు," అని అరిచి, నన్ను లోపలికి లాగి గరాజ్ తలుపు దించేసింది.

"అక్కా, ఆ రోజు నీకు ఫోన్ చేసింది..."

"హలో అనగానే తెలుసు."

"నా గొంతు కాదుగదా అది!"

"ఏడ్చావులే. అది మన ఐర్లండ్ నాన్నమ్మ గొంతు. ఏడేళ్లప్పటి నుంచీ నీకున్నది ఆ ఒక్క దొంగ గొంతే. కొత్తదనుకుంటున్నావా?"

నేను పక్కనున్న బకెట్ బోర్లించి కూర్చున్నాను.

"తెలిసి ఎందుకిచ్చావే?"

"రెండేళ్ల తర్వాత నన్నొకటి అడిగావు. ఇవ్వకుండా ఎలా ఉంటాను?" కట్టె పేర్చింది. "నీ ఉద్యోగం సంగతి పాత మిల్లువాళ్లెవరో ఫోన్ చేసి చెప్పారు. జీతమిచ్చి అబద్ధాలాడిస్తున్నారంటగా. దేవుడికి కూడా పనిలేదనుకున్నాను."

"రేపు అనహేరాకి చెప్పేస్తాను. తెలిసినవాళ్లైతే చెల్లదు. కొట్టేస్తారు దాన్ని."

"నోర్ముయ్."

"అందరి ముందూ వినిపిస్తారే! నిన్ను వెర్రిదాన్ని చేస్తారు."

"చేయనీ. వెర్రిదానికి క్లాసు పెడతారు. తెలిసి ఇచ్చినదాన్ని బయటికి నెడతారు. అర్థమవుతోందా? మీ బావ రెండు గదులు నడవలేడు ఇప్పుడు, ఊపిరితిత్తుల నిండా ఆ మిల్లు దుమ్మే. షాపులో చాలట్లేదని ఈ సంఘంలో చేరాను. నువ్వు నిజం చెబితే నీదీ పోతుంది, నాదీ పోతుంది. చెప్పకపోతే పోయేది నా పరువొక్కటే. దాన్నేం చేసుకుంటాను, కూర వండుకుంటానా?"

"బావకి..."

"చెప్పకు. ఆయనకు దాచడం రాదు."

"క్రిస్మస్‌కి బాగానే వచ్చిందే."

అనేశాను. నా నోరు నాకంటే ముందు పుట్టింది. అక్క చేతిలో కట్టె కింద పెట్టింది.

"నోరు విప్పితే ఆ రోజే ఇంటికి పంపిస్తామన్నారు ఆయన్ని. నువ్వెళ్లాక స్నానాల గదిలో కూర్చుని ఏడ్చాడు. పసుపు రంగు సంగతి నేనెందుకన్నానో నాకిప్పటికీ తెలీదు రేవిన్. ఏదో ఒకటి మాట్లాడాలిగా అని."

కెటిల్ పెట్టలేదు. బావకి వినపడుతుందని. చల్లటి గరాజ్‌లో ఇద్దరం ఒక బిస్కెట్ పొట్లం తిన్నాం. నా దగ్గు విని లేచి, తన స్కార్ఫ్ తీసి నా మెడకి చుట్టింది. మళ్లీ ఏమనుకుందో, విప్పేసి తీసేసుకుంది.

"ఆఫీసులో అందరూ చూశారు దీన్ని," అంది. "ఇంకో మాట. శుక్రవారం తర్వాత ఇటు రాకు. ఫోన్ కూడా వద్దు. ఊరు చిన్నది. అక్కచెల్లెళ్లమని ఒక్కరు పసిగట్టినా ఇద్దరం రోడ్డు మీదే."

"ఎన్నాళ్లు?"

"నువ్వు అక్కడ, నేను ఇక్కడ పనిచేసినన్నాళ్లు."

జూలై 5, శుక్రవారం

టీ గదిలో కుర్చీలు సరిపోక కొందరు కిటికీల మీద కూర్చున్నారు. సాసేజ్ రోల్స్, టమాటా సాస్. అక్క మొదటి వరసలో. జుట్టు సెట్ చేయించుకుని వచ్చింది.

క్రేగ్ నన్ను పొగిడాడు. నేను ఆ ఐర్లండ్ గొంతుతో నాలుగు మాటలు చెప్పాను, అందరూ నవ్వారు. ఆ తర్వాత రికార్డింగు పెట్టారు.

"గ్లెనిస్‌ని" అనగానే గది మొత్తం ఆమె వైపు తిరిగింది. ఎరువుల విభాగం ఆయన, "ఓసి గ్లెన్, నువ్వా!" అని అరిచాడు. నిమ్మకాయ దగ్గర నవ్వులు. తిండి దగ్గర ఇంకా నవ్వులు. "మళ్ళీ చేస్తావా అమ్మా" దగ్గరికొచ్చేసరికి గది ఊగిపోయింది. విత్తనాల అమ్మాయి కళ్లు తుడుచుకుంటోంది నవ్వీ నవ్వీ. అక్క అందరికంటే గట్టిగా నవ్వింది, తొడ మీద చరుచుకుంటూ. మెడ మాత్రం ఎర్రగా కందిపోయింది, చెవుల దాకా.

క్రేగ్ ముందుకొచ్చి ఆమెకి ఒక చాక్లెట్ చేప బహుమతిగా ఇచ్చాడు. "మా గుండె మెత్తనమ్మకి!" చప్పట్లు. అక్క లేచి, వంగి దండం పెట్టి, చేప తలకాయ కొరికేసింది.

ఇప్పుడు పాఠం చెప్పాలి. ఎవరెవరి చెవిలోనో పువ్వులు పెట్టాను జన్మంతా. పెట్టాక పారిపోయేదాన్ని. పువ్వు పెట్టించుకున్న మనిషి ఎదురుగా నిలబడి, ఆ పువ్వెంత పెద్దదో కొలిచి చూపించడం ఇదే మొదలు.

"ఈవిడ మోసపోలేదు," అన్నాను. వెనక మూల కూర్చున్న అనహేరా తలెత్తింది. అక్క నమలడం ఆపేసింది. అలాగే చూసింది నా వైపు.

"ఈవిడ మోసపోలేదు అని మీరనుకోవచ్చు," అన్నాను. "మంచితనమే గదా అనుకోవచ్చు. దొంగకి కావలసింది అదే. గొంతు ఎంత ఆప్యాయంగా ఉన్నా, పెట్టేయండి. పెట్టేసి, మీకు తెలిసిన నంబరుకి మీరే తిరిగి చేయండి."

అక్క మళ్లీ నమలసాగింది.

జూలై 8

ఉత్తరం వచ్చింది. "దురదృష్టవశాత్తు" అన్న మాట లేదు అందులో. మొత్తం చదివాను.

టీ పెట్టుకున్నాను.

జూలై 22

అనహేరా ఇవాళ అడిగింది. "ఆంటీ, ఆ రోజు ఇంకేదో చెప్పబోయారు కదా మీరు?"

"లేదు తల్లీ, నాటకానికి ఆగాను."

చాలాసేపు చూసింది. ఈ పిల్లకి అబద్ధం చెప్పడం రాదు గానీ, పట్టుకోవడం వచ్చనుకుంటా. "సరే," అంది. ఇంకేమీ అడగలేదు.

ఆగస్టు 3

ఆ రికార్డింగు ఉత్తరాన రెండు కంపెనీలకు కూడా వినిపించారట. క్రేగ్ ఇచ్చాడు, స్నేహితులకి. బాగా పనిచేస్తోందట.

ఆగస్టు 16

అక్క పుట్టినరోజు. ఆగనని అనుకున్నాను. డనీడిన్ నుంచి వస్తూ గోర్‌లో రొట్టెల దుకాణం ముందు ఆగాను, కీమా కూరిన పై రొట్టె కొనుక్కోవడానికి. అక్కడవి బాగుంటాయి.

లోపల వరసలో అక్క ఉంది. పక్కన విత్తనాల అమ్మాయి. కేకు పెట్టె చేతిలో ఉంది, ఆఫీసులో కోస్తారు కాబోలు. ఆ అమ్మాయే ముందు నన్ను చూసింది. "గ్లెన్, ఇటు చూడు! నీ దొంగ!"

అక్క తిరిగింది. ఒక్క క్షణం. తర్వాత పెద్దగా నవ్వు.

"అమ్మో! జేబులు పట్టుకోండర్రా. బాగున్నారా మేడమ్? ఆ రోజు పాఠం బాగా చెప్పారు. మా ఆఫీసులో ఇప్పుడు మా ఆయన ఫోన్ చేసినా పేరడుగుతున్నాం."

"మంచిది మేడమ్," అన్నాను. "మీ ఆయన ఎలా ఉన్నారు?"

నవ్వు కొంచెం తగ్గింది. "ఆసుపత్రిలో ఉన్నారండీ. మంగళవారం నుంచి. పరవాలేదంటున్నారు."

"ఇవాళ ఈవిడ పుట్టినరోజు తెలుసా!" అంది ఆ అమ్మాయి.

"అలాగా," అన్నాను. "నాకెలా తెలుస్తుంది? శుభాకాంక్షలు."

"థాంక్సండీ." పెట్టె ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. నేను తలుపు తీసి పట్టుకున్నాను. బయట గాలి కోసేస్తోంది. నా పక్కనుంచి వెళ్తూ అక్క ఆగలేదు, తలెత్తలేదు. ఇద్దరూ రోడ్డు దాటి సంఘం ఆఫీసులోకి వెళ్లిపోయారు. "తలుపు మూయమ్మా, చలి!" అని లోపల్నుంచి ఎవరో అరిచేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాను.